దొరబాబు గారి కువైట్ దువ్వెన

చిక్కుపడిన జుట్టయినా, చిక్కుపడిన మాటయినా కొస దొరికేదాకా ఓపిక పట్టాలని, మొదలు పట్టి లాగితే నొప్పే తప్ప చిక్కు విడదని సూరమ్మకు వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. కొబ్బరి పీచు దువ్వి తాడు పేనుకుని బతికే ఇంట పుట్టిన పిల్లకు ఆ మాట ఉగ్గుతోపాటే వంటబట్టింది. కాని ఆ ఉదయం రాజోలు కాలువ వంతెన పక్కన, నాగమణి టీకొట్టు గుంజకు ఆనుకుని నిలబడిన సూరమ్మకు ఆ ఓపిక కరువవుతున్నది.

ఎదురుగా బల్లమీద జ్ఞానప్రకాశం మాస్టారు కూర్చుని ఉన్నారు. ఆయన కాళ్ళ దగ్గర గొలుసుతో కట్టేసి రాణి ఉంది. మాస్టారు పెంచుకుంటున్న తెల్ల బొచ్చుకుక్క. నాలుగు రోజుల కిందట దూదిమూటలా ఉండేది. ఇవాళ ఒంటిమీది బొచ్చంతా అట్టలు కట్టి తొక్కిన గోనెపట్టాలా ఉంది. పెళ్ళికని కపిలేశ్వరపురం వెళుతూ మాస్టారు, పదేళ్ళుగా తమ ఇంట పనిచేస్తున్నదన్న నమ్మకంతో రాణిని సూరమ్మకు అప్పగించారు. రెండోనాటి మధ్యాహ్నం ఆమె దాన్ని అరుగుమీద కట్టి పీచు పాకకు పోయి వచ్చేసరికి, తాడు విడివడి ఉంది. కుక్క నిలువెల్లా తడిసి వణుకుతోంది. కట్టు జారి కాలువలో దిగిందేమోనని సూరమ్మ అనుకుంది. ఆరినకొద్దీ బొచ్చు బిగుసుకుపోయింది. మాస్టారు తిరిగివచ్చి చూసి ఒక్కమాటే అన్నారు: "నోరులేని జీవం, సూరమ్మా. ఇక నువ్వు పనిలోకి రావద్దు."

ఇప్పుడాయన అమలాపురం బస్సు కోసం కాచుకుని ఉన్నారు. పశువుల ఆసుపత్రిలో రాణిని చర్మందాకా గొరిగిస్తారు. ఆ బస్సు వచ్చిందంటే రాణి బొచ్చూ పోతుంది, సూరమ్మ పేరూ పోతుంది. ఆమె కొంగుముడిలో ఉన్నదల్లా నిన్న సాయంత్రం రాణి చెవి వెనక చిక్కు విప్పుతుంటే దొరికిన ఆకుపచ్చ ప్లాస్టిక్ పుల్ల. అదేమిటో, అక్కడికెలా వచ్చిందో ఆమెకు అంతు చిక్కలేదు.

"ఇది అన్యాయం అంటానండీ మాస్టారూ! ఘోరం అంటాను!" అని టీగ్లాసు బల్లమీద టక్కున పెట్టాడు దొరబాబు.

దొరబాబు కువైట్ వెళ్ళివచ్చిన మనిషి. వెళ్ళలేదనీ, బొంబాయిలో ఆర్నెల్లు వీసా కోసం కాచుకుని తిరిగివచ్చాడనీ గిట్టనివాళ్ళు అనేవారు గాని, ఆ మణికట్టున బంగారు రంగు గడియారమూ, ఆ నోట కువైట్ మాటా ఉన్నంతకాలం ఎవరూ నిలదీసిన పాపాన పోలేదు.

"కుక్క బొచ్చంటే ఏమనుకున్నారండీ? అదో విద్య! ఊళ్ళో నేనుండగా, పీచు పీకే చేతులకి అప్పజెప్తారా? షేకు గారి కుక్కని దువ్విన చెయ్యండీ ఇది!"

సూరమ్మకు ఒళ్ళు భగ్గుమంది.

"షేకు గారికి కుక్కుందాండీ?" అన్నాడు కొబ్బరి దింపులు తీసే బంగారయ్య.

"ఆయ్! నిజం చెప్పాలంటే నేను దాని జోలికే పోలేదండి మొదట. నాది తోటపని. ఓ రోజు దాని తోక కొసన ఇంత చిన్న చిక్కుంటే, పాపం కదా అని చేత్తో విడదీసేను. అంతే. షేకు గారి ఇంటావిడ మేడమీంచి చూసేసేరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు పొద్దున్నే నాకోసం కారు పంపేరండి. పెరట్లోంచి ఇంట్లోకి కారు!"

"పెరట్లోంచి ఇంట్లోకి నడవలేకపోయేరా?" అంది నాగమణి పాలు పొంగకుండా ఊదుతూ.

"షేకు గారి పెరడంటే ఇక్కణ్ణించి తాటిపాక ఊరిదాకా ఉంటుందమ్మా! మధ్యలో ఓచోట ఆగి పెట్రోలు కొట్టించుకున్నాం. వెళ్ళి చూద్దును కదా, కుక్క గేదెదూడంత ఉంది. బొచ్చు అట్టలు కట్టేసి ఏది తలో, ఏది తోకో తెలీక, వంటవాడు పది రోజుల్నించీ అన్నం వెనకవైపు పెడుతున్నాడండి! లండన్ నించి ఇద్దరు డాక్టర్లొచ్చి, 'కత్తెర తప్ప దారి లేదు' అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తెరా? గొరగడం కూడా ఓ వైద్యమేనా? మాస్టారూ, తమరూ ఇవాళ ఆ పనికే బయల్దేరేరు. పెద్దవారు, కోపగించుకోకండి గాని, సిగ్గుచేటు!"

"కోపం లేదు, కథ కానీ," అన్నారు మాస్టారు, వంతెన వైపు చూస్తూ.

"షేకు గారూ, మాది కోనసీమండి, అన్నాను. కొబ్బరి డొక్క ఎంత బిర్రుగా ఉన్నా గుంటలో నానేసేమంటే పీచు దానంతటదే వదులవుతుంది. కుక్కయినా అంతే, అన్నాను. డాక్టర్లు నోరెళ్ళబెట్టేరు. ఎడారిలో గుంట తవ్వించేను. మరి నీళ్ళేవండీ? నాలుగువేల సోడాలు కొట్టి పోయించేరు! మెడదాకా నానబెట్టేను కుక్కని. ఆ సోడా గ్యాసుకి అది పైకి తేలిపోతుంటే, డాక్టర్లిద్దర్నీ వీపుమీద కూచోబెట్టేనండి బరువుకి!"

బల్లమీది వాళ్ళంతా గొల్లున నవ్వారు. సూరమ్మ నవ్వలేదు.

డొక్క నానితే పీచు వదులవుతుంది. బొచ్చు చిక్కు నానితే ముడిమీద ముడి పడుతుంది. ఈ రెండు రోజులూ వేళ్ళు అరగదీసుకుని ఆమె నేర్చిన పాఠం అది. కుక్కను డొక్కలా నానబెట్టాలన్న ఆలోచన కువైట్‌లో పుట్టేది కాదు. పీచు గుంటల నడుమ పెరిగిన బుర్రలోనే పుడుతుంది. ఇంకొకటి కూడా అప్పుడే ఆమెకు తట్టింది. ఆనాడు అరుగుమీది తాడు తెగలేదు. ముడి విప్పి ఉంది. రాణికి ముడి విప్పే వేళ్ళు లేవు.

ఆమె కొంగుముడి తడుముకుంది. కొస ఇంకా చేతికి రాలేదు.

"తర్వాతేమైందండీ, దొరబాబు గారూ?" అంది నెమ్మదిగా.

"అలా అడుగు! విని నేర్చుకో. మూడోనాడు దువ్వెన పెట్టేను. మొదటి దువ్వుకి షేకు గారి చేతి గడియారం పడింది. ఇదే! మెచ్చుకుని నాకే ఇచ్చేసేరు. రెండో దువ్వుకి ట్రాన్సిస్టరు పడిందండి, ఇంకా వార్తలు చదువుతోంది! మూడో దువ్వుకి పడిందెవరో తెలుసా? వాళ్ళ పాత వంటవాడు! ఏడాదై కనపడటం లేదని కొత్తవాణ్ణి పెట్టుకున్నారు. బయటపడుతూనే, 'పాలు పొంగేయా?' అన్నాడండి!"

"అయ్యబాబోయ్!" అంది నాగమణి, తన పాలగిన్నె చూసుకుంటూ.

"ఊడిన బొచ్చు గుట్టయింది. గుట్ట కొండయింది. విమానాలు చుట్టు తిరిగి పోయేయండి రెండు రోజులు! ఆ బొచ్చంతా తాడు పేనించి, ఇసకలో దిగబడ్డ ఓడని గట్టుకి లాగేను. ఓడండీ! నేనొక్కణ్ణే! ఎడంచేత్తో! కుడిచేత్తో దువ్వుతూనే ఉన్నాను!"

"అంత తాడుంటే ఓడలరేవు వాళ్ళకి వలలు లాక్కోడానికి ఓ బారెడు పంపకపోయేరా?" అన్నాడు బంగారయ్య.

దొరబాబు ముఖం జేవురించింది. "ఎగతాళా? కష్టపడి నేర్చిన విద్య చెప్తుంటే ఎగతాళా? నిదర్శనం లేకుండా మాట్లాడే మనిషినా నేను?" అంటూ లేచి, చొక్కా జేబులోంచి దువ్వెన తీసి అందరి ముఖాల ముందూ తిప్పాడు. "షేకు గారు తన చేత్తో ఇచ్చిన దువ్వెన. చూడండి!"

ఆకుపచ్చ దువ్వెన.

గొలుసు గలగలమంది. రాణి మూలుగుతూ బల్లకింద నుంచి దూరి, సూరమ్మ కాళ్ళ వెనక ముడుచుకుంది. మాస్టారు కుక్కను చూశారు, దువ్వెనను చూశారు.

"మధ్యలో ఓ పన్ను లేదేమండీ?" అని అడిగింది సూరమ్మ.

"భలే అడిగేవు! అసలు కథంతా ఆ పన్నుదే. ఆఖరి చిక్కు, కుడి చెవి వెనకాల. అక్కడ విరిగింది. తీస్తానంటే షేకు గారు పడనివ్వలేదు. 'దొరబాబూ, నీ గుర్తుగా ఉండనీ' అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఈ క్షణాన కూడా ఆ పన్ను కువైట్‌లో, ఆ కుక్క చెవి వెనకాలే ఉందండి!"

"కుడి చెవేనాండీ?"

"కుడి చెవే!"

"మరో దువ్వెన పన్ను కాదు కదండీ?"

"ఈ దువ్వెనదే అంటుంటే! ఎన్నిసార్లు చెప్పాలి?"

సూరమ్మ కొంగుముడి విప్పింది. ఆకుపచ్చ పుల్లను రెండు వేళ్ళతో పట్టుకుని, దొరబాబు ఎత్తిపట్టిన దువ్వెన సందులో ఆనించింది. పుల్ల విరిగిన చోటు, దువ్వెన విరిగిన చోటు సరిగ్గా కలిశాయి.

"నిన్న సాయంత్రం రాణి కుడి చెవి వెనకాల దొరికిందండి. అయితే మా రాణి కువైట్ వెళ్ళొచ్చిందన్నమాట, ఆయ్. తమరు వెళ్ళేరో లేదో మాత్రం నాకు తెలీదు."

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. నాగమణి పట్టించుకోలేదు.

"పీచు గుంటలో నానబెట్టావా, దొరబాబూ?" అన్నారు మాస్టారు. ఆ గొంతు బడిలో బెత్తం తీసే ముందరి గొంతు.

"మంచి చేద్దామనేనండీ... తమరు తిరిగొచ్చి చూసి, ఎవరు దువ్వేరా అని ఆశ్చర్యపోతారని..." అని నసిగాడు దొరబాబు.

అమలాపురం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. మాస్టారు చేయి ఊపి పంపించేశారు. గొలుసు సూరమ్మకు అందించి, "కొబ్బరినూనె ఎంత కావాలి సూరమ్మా?" అన్నారు.

ఆమె గొలుసు అందుకోలేదు. "నూనె తర్వాతండి. నోరులేని జీవం అన్నారు. నాకు నోరుంది కదండీ, నన్నో మాట అడగకపోయేరా?"

మాస్టారు తల దించుకున్నారు. "అడగవలసింది. తప్పు నాదే," అన్నారు, బల్లమీది వాళ్ళందరూ వినేటట్టుగా.

అప్పుడు గొలుసు తీసుకుంది సూరమ్మ. అక్కడే చతికిలబడి, నాగమణి అందించిన నూనెలో వేళ్ళు ముంచి, రాణి తోక కొసన ఒక్కొక్క పోగే విడదీయడం మొదలుపెట్టింది.

దొరబాబు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఈ ఊళ్ళో విద్యకి విలువ లేదండీ!" అంటూ వంతెన వైపు తిరిగాడు.

సూరమ్మ తల ఎత్తలేదు. "ఆ పన్ను పట్టికెళ్ళండి దొరబాబు గారూ," అంది. "పాపం, షేకు గారు వెతుక్కుంటారు."