అందింది

రిటైరైన వైర్‌లెస్ ఆపరేటర్ ఇంటి ముందుగది. సిగ్నల్ దళం చరిత్ర రాస్తున్న కెప్టెన్, ముప్పై అయిదేళ్ల మహిళ, ఆయన ఎదురుగా కూర్చుని ఉంది. మధ్యలో పాత లాగ్ పుస్తకం.

"మళ్లీ ఆ పేజీకే వచ్చారేంటి మేడమ్? గుర్రాల మీద తీగచుట్టలు మోసిన రోజుల గురించి రాయండి. మా మొదటి వైర్‌లెస్ సెట్టు గురించి రాయండి. నలుగురు పడితే గానీ కదిలేది కాదు మహాతల్లి."

"అవన్నీ రాసేశాను బాబాయ్. ఈ ఒక్క పేజీయే మిగిలింది."

"ఇందులో ఏముంది? బడిపిల్లలకీ తెలుసు. కొండ మీద పన్నెండు మంది. వెనక్కి రమ్మని ఆర్డర్ పంపాం. అందింది. అయినా రాలేదు, చివరిదాకా పోరాడారు. రాతి మీద చెక్కారు కూడా."

"పంపింది మీరే కదా?"

"నేనే."

"'అందింది' అన్న రాతా మీదేనా?"

"నాదే. కాఫీ తాగండి, చల్లారిపోతోంది."

"కొండ మీది ఆపరేటర్ ఏమన్నాడు?"

"ఏమంటాడు? అందింది అన్నాడు."

"అంతేనా? మేం రాం అనలేదా? ఎందుకు రారో చెప్పలేదా?"

"ముప్పై ఏళ్ల కిందటి మాట మేడమ్. నిన్న ఏం తిన్నానో గుర్తుండదు నాకు."

"మొదటి సెట్టు బరువు గ్రాములతో సహా చెప్పారు ఇందాక."

"అదీ... అది వేరు."

"బాబాయ్, ఆర్డర్ వెళ్లింది పొద్దున ఆరింటికి. అందిందని రాసిందీ ఆరింటికే. అదే నిమిషం. సంకేతాలు విప్పి చదువుకోవడానికే పది నిమిషాలు పట్టదూ?"

"ఆ తలుపు వేయండి. లోపల మా ఆవిడుంది."

"వేశాను. చెప్పండి."

"కొండ మీది ఆపరేటర్‌కి బ్యాటరీల కొరత. కొండెక్కించడమంటే మాటలా? అందుకని వెంటనే జవాబిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం అన్నిటికీ కలిపి ఒకేసారి ఇచ్చేవాడు. నేను ముందే 'అందింది' అని రాసేసేవాణ్ణి. జవాబు రాని మెసేజ్ చేతిలో ఉంటే డ్యూటీ దిగనివ్వరు. ఆరింటికి నా డ్యూటీ అయిపోయేది. ఏడాదిగా అలాగే నడిచింది. ఒక్కసారీ తప్పలేదు మేడమ్. ఒక్కసారీ."

"ఆ రోజు?"

"ఆ రోజు మధ్యాహ్నం జవాబు రాలేదు."

"విన్నాడా, లేదా?"

"ఎలా వింటాడు? తెల్లవారకముందే వాళ్ల సెట్టు పోయింది. శవాలు దించడానికి వెళ్లినవాళ్లు చెప్పారు. సెట్టంతా విప్పి దుప్పటి మీద పరుచుకుని ఉన్నాడట. చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉందట."

"జవాబు రాలేదని రాసుంటే?"

"మనిషిని పంపేవాళ్లు. రెండు గంటల నడక. దాడి పన్నెండింటికి. మీరే లెక్కేసుకోండి. నేను ముప్పై ఏళ్లుగా వేస్తూనే ఉన్నాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబుదామనే వెళ్లాను. అప్పటికే కల్నల్ గారు లాగ్ చూసి, 'పిలిచినా రాలేదా, ఎంత గుండెరా వీళ్లది' అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పేపర్లో వేశారు. పతకాలొచ్చాయి. ఇంక నోరెలా పెగులుతుంది?"

"ఇది రాయాలి బాబాయ్."

"నా పేరు పెట్టి రాయండి, పడతాను. పడాలి కూడా. కానీ ఆ ఇళ్ల సంగతి చూడండి. రమ్మన్నా రాని వీరుడు మా నాన్న అని చెప్పుకుంటూ పెరిగుంటారు ఆ పిల్లలు. ఆ ఒక్కటీ లాక్కోకండి."

"నేను చెప్పుకోలేదు. పిలిచినా రాలేదంటే, అమ్మకన్నా నాకన్నా ఆ కొండే ఎక్కువైందనుకున్నాను. ఇన్నేళ్లూ, వైర్‌లెస్ సెట్టు పక్కన కూర్చున్న ఆయన ఫోటో వైపు తలెత్తి చూడలేదు."

"అమ్మా... నువ్వు... వాడి కూతురివా?"

"రమ్మన్న మాట చెవిన పడుంటే, వచ్చేసేవాడు కదా బాబాయ్, మా నాన్న?"