మా అత్త ఓటు

“జేజీ, మీ కాలంలో ఆడోళ్ళకు ఓటుండేదా?”

ఉండేది నాయనా, అందరికీ గాదు. శిస్తు కట్టేవాళ్ళకే. కొమరోలు దగ్గర మా ఊర్లో ఆడమనిషంటే మా అత్తకొక్కదానికే ఉండె. మా మామ చిన్న వయసులోనే పోతే పట్టా ఆమె పేరున పడింది. జొన్న, ఆముదాలు, గొర్లు, అన్నీ ఆమే చూసుకునేది. ఏం మనిషనుకున్నావు!

తెల్లోళ్ళ కాలంలో ఢిల్లీ సభకు ఓట్లొచ్చినప్పుడు, అప్పటికి నేనింకా కాపురానికి రాలేదులే, ఆమె మరిది బండి కట్టి తోల్కపోయినాడంట. “వదినా, ఫలానాయన పేరు చెప్పు” అంటే, ఆ పేరే ఆఫీసరుకు చెప్పి వచ్చింది; చదువు రానోళ్ళ ఓటు అప్పట్లో ఆఫీసరే రాసేవాడులే. ఇంటికొచ్చినాక మనసు ఒప్పలేదు. “భూమి నాది, సేద్యం నాది, నోట్లో మాట మాత్రం మరిదిదా? ఈసారి నాకు తోచినోనికి వేసే సస్తా” అనింది.

మూడేండ్ల సభ అది. అయిపోతానే మళ్ళీ ఓట్లు రావాల గదా? రాలా. ఇంకో ఏడాది పొడిగించినారు. అంతలో యుద్ధమొచ్చె. నేను కాపురానికొచ్చింది ఆ కటకటలోనే. సీసా కిరసనాయిలుకు గిద్దలూరు పోయి పొద్దంతా నిలబడాల, గుడ్డలు గూడా కంట్రోలే... ఏంది చెప్తాంటి? ఆఁ, ఓటు. జొన్న నూర్పిళ్ళు అయినాక ప్రతి ఏడూ మా అత్త మరిదిని అడిగేది, “అబ్బయ్యా, ఈ ఏడన్నా ఉన్నాయా ఓట్లు?” అని.

“లేదు వదినా. యుద్ధంలో ఎలెక్షను పెట్టరంట. ఆ సభనే ఇంకో ఏడు ఉండమన్నారు.”

“వాళ్ళకైతే పొడిగిస్తారు. నా ఆయుస్సెవరు పొడిగిస్తారబ్బయ్యా?”

నవ్వుతానే అనేది గానీ, చూపు మందగించింది అప్పటికే.

యుద్ధం ముగిసింది, ఓట్లన్నారు. చీరె ఉతికి మడతేసి పెట్టుకునింది. “నువ్వు బండి తోలు, పేరు మాత్రం చెప్పాకు” అనింది మరిదితో. ఆయన గిద్దలూరు పోయి కనుక్కోని, తలకాయొంచుకోని వచ్చినాడు. “ఒక్కడే నిలబడినాడంట వదినా. పోటీ లేదు. ఓట్లు పెట్టరంట.”

“ఒక్కడైతే మాత్రం? ఆయన నాకొద్దని చెప్పుకోవాల్నంటే యాడ చెప్పాల?”

అందరికీ ఓటొచ్చేలోపు మా అత్త పోయింది పాపం.

ఇప్పుడు మిషనులో అడుగున ఉంది గదా, ఎవ్వరూ వద్దనే మీట? పోయినసారి అది నొక్కినా. నిలబడినోళ్ళు మంచోళ్ళేలే, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. ఆ ఒక్కసారీ మా అత్త కోసరం.

నువ్వు నీకు తోచినట్ల వేసుకో నాయనా, నన్నడగాకు. సల్లగుండు.