మొలకెత్తదని రాసిన గింజ

సభాధ్యక్షులు హెడ్మాస్టరు గారికి, కమిటీ పెద్దలకు, తోటి టీచర్లకు, ఈసారైనా ఎండలో నిలబడకుండా లోపల కూర్చున్న పిల్లలకు, మూడో వరసలోంచి ‘తొందరగా ముగించండి’ అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

రిటైరవుతున్నానని ఇందాకటి నుంచి నన్ను తెగ పొగిడారు. ముప్పై ఒక్క ఏళ్లు ఈ బడిలో సైన్సు చెప్పానని, ‘రుజువు చూపించు, అప్పుడు నమ్ముతా’ అన్న నా మాట ల్యాబు గోడలు కూడా అప్పజెబుతాయని అన్నారు. మీరు ఆ మాట అంటుంటే నాకు కుర్చీలో ముళ్లున్నట్టుంది. ఈ సంగతి చెప్పకుండా ప్రశంసాపత్రం పుచ్చుకుని వెళ్లిపోతే ఇవాళ నిద్ర పట్టదు, అసలే ఏడాదిగా సరిగ్గా పట్టడం లేదు. డ్రిల్లు మాస్టారూ, మైకు కాస్త కిందికి... ఆ, చాలు.

ల్యాబులో అద్దాల బీరువా ఉంది కదా, అందులో దూది మీద పది గురివింద గింజలుండేవి. నేను చేరిన కొత్తలో వాటిని మూడు వారాలు తడిగుడ్డలో పెట్టి చూశాను. ఒక్కటీ మొలవలేదు. చచ్చినవని తేల్చేసి, ‘మొలకెత్తవు’ అని చీటీ రాసిపెట్టాను. పోయినేడు సెలవుల్లో ల్యాబు పైకప్పు కారింది. రిపేరు కోసం నేను నాలుగు ఉత్తరాలు రాశాను, హెడ్మాస్టరు గారు ఎందుకో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. (నవ్వులు) బడి తెరిచిన రోజు బీరువా తీద్దును కదా, తడిసిన దూదిలోంచి ఒక గింజ మొలిచి, నా చేతిరాత చీటీని పక్కకు నెట్టి నిలబడి ఉంది.

కారణం నాకు తెలుసు. దాని పెంకు మహా గట్టిది, ఏ పురుగో గీరి ఉంటుంది, నీళ్లు లోపలికి పోయి ఉంటాయి. తొమ్మిదో తరగతికి బొమ్మ వేసి మరీ చెప్పాను. చెప్పి, స్టాఫ్ రూములోకెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. ఎలా మొలిచిందో చెప్పగలిగాను గానీ, ముప్పై ఏళ్లు ఆ పెంకు లోపలి చీకట్లో దాని ప్రాణం ఎవరు కాపాడారో నా బోర్డు మీద లేదు. చచ్చాడని మూసిపెట్టిన సమాధిలోంచి లేచినవాడి గురించి మా ఆవిడ చెబితే పకపకా నవ్వినవాణ్ని నేను! గురివింద గింజ తన నలుపెరగదంటారు. నా నలుపు మాత్రం ఆ గింజే చూపించింది.

ఆ నలుపేమిటో కూడా చెప్పేస్తాను. మా ఆవిడ ప్రభువును నమ్ముకున్న మనిషి. పెళ్లయిన రెండేళ్లకు, మా పెద్దదానికి జ్వరం తగ్గిన పొద్దున, ఆవిడ మోకాళ్ల మీద ఉండగా, ‘తగ్గించింది మందు, నీ దేవుడు కాదు’ అని వెటకారం చేశాను. ఆ తర్వాత ఆవిడ ‘చర్చికి రండి’ అని ఒక్కసారీ అడగలేదు. ప్రతి ఆదివారం గేటు దగ్గర దింపి, స్కూటరు మీదే పేపరు చదువుకుంటూ కూర్చుంటాను. లోపల ఆవిడ పక్క చోటులో హ్యాండ్‌బ్యాగు పెడుతుందట, ఎవరైనా కూర్చోబోతే ‘మనిషి వస్తారండీ’ అంటుందట. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే మాట! మొన్న, అదే చర్చికి వెళ్లే మన సంగీతం టీచరమ్మ చెబితే తెలిసింది.

ఆ గింజను చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. పిచ్చుక పుల్ల మోసుకెళ్తున్నా ఆగిపోతున్నాను. మైక్రోస్కోపు కింద మురుగునీటి చుక్క చూసినా ‘ప్రభువా’ అన్న మాట గొంతుదాకా వస్తోంది, పిల్లలు నవ్వుతారేమోనని మింగేస్తున్నాను. నమ్మకం పూర్తిగా కుదిరిందంటే అబద్ధమవుతుంది, రుజువడిగే నోరు ఇంకా మూతపడలేదు. అయినా ఇవన్నీ చేసినవాడు ఒకడున్నాడని గుండె ఒప్పుకున్నాక, ఇంకా గేటు బయట పేపరు చదవడమేమిటి, సిగ్గులేకపోతే సరి!

ఇన్నేళ్లు నన్ను భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. పిల్లలూ, రుజువు అడగడం మానకండి. చీటీలు మాత్రం తొందరపడి రాయకండి.

ఏమోయ్, నిన్నే. ముందు కళ్లు తుడుచుకో, అందరూ చూస్తున్నారు. ఈ ఆదివారం ఆ హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకో. మనిషి వస్తాడు.

ఇక సెలవు.