ప్లైవుడ్ బేస్

గుణదలలో గిటార్లు బాగుచేసే చిన్న షాపు. చర్చిలో బేస్ గిటారు వాయించేవాడి భార్య, పగిలిన గిటారును తెచ్చి ముసలాయన ముందు పెట్టింది.

“చేయి జారి పడిందండీ.”

“పడితే అంచు చితుకుద్దమ్మా. ఇది వెనక పలక నడిమధ్యకి పగిలింది. దీన్ని దేనిమీదో బాదారు.”

“నా వీపు మీదండి. ఆదివారం ఆరాధనలో మా ఆయన తాళం తప్పాడు. నేను నవ్వానంట.”

“వాడి చేతులు పడిపోను! ఆసుపత్రికి వెళ్ళావా?”

“అది తర్వాతండి. ముందు ఇది ఎలాంటిదో చెప్పండి.”

“చవకరకం. ఒళ్ళంతా ప్లైవుడ్డే. స్పీకరు వైరు తగిలిస్తేనే పలుకుద్ది, లేకపోతే పక్క గదికి కూడా వినపడదు.”

“మంచిరకం అయితే?”

“అసలు చెక్క, లోపల బోలుండదు. గట్టిగా, బరువుగా ఉంటది. ఇంత తేలిగ్గా పగలదు.”

“అయితే నా వెన్ను పగిలేది.”

“ఏం మాటలమ్మా అవి!”

“పాస్టరు గారు మీకు ఫోన్ చేస్తారండి. మా ఆయన సేవకి మెచ్చి, వార్షికోత్సవం రోజు సంఘమంతా కలిసి అసలు చెక్కది బహుమానం ఇద్దామనుకుంటున్నారు. పాతది సరిపోదా అని మిమ్మల్నే అడుగుతారు.”

“అడగనీ. ఈ పగులు ఎట్టా వచ్చిందో చెప్తా.”

“చెప్తే ఇద్దర్నీ కూర్చోబెట్టి, ప్రార్థన చేసి పంపిస్తారు. ఇంటికెళ్ళాక తలుపు గడియ పెట్టేది మా ఆయనే. మీ కాళ్ళు పట్టుకుంటా బాబాయ్ గారూ, దీన్ని అతికించండి. ఇంతకంటే మంచిది లోకంలో లేదని చెప్పండి.”