నాలుగు ముక్కలు

రష్యాలోని పెర్మ్ ఊరి నాట్యశాలలో ఏడాదికి ఆఖరి ప్రదర్శనని వాళ్ళు ‘పచ్చ ఆట’ అంటారు. ఆ ఒక్కరోజూ ప్రేక్షకుల కంటబడకుండా ఒకళ్ళనొకళ్ళు ఎంతైనా ఆటపట్టించుకోవచ్చు. వేదిక మీద వయ్యారి దొరసాని వేషంలో జీనా, ఆమె వెంటపడే దొర వేషంలో గ్లేబ్ నాట్యం చేస్తూనే, పెదవులు కదపకుండా మాట్లాడుకుంటున్నారు.

“చెయ్యి కాస్త పైకి. పడేస్తావు నన్ను.”

“పదకొండేళ్ళలో ఎప్పుడైనా పడేశానా?”

“ఒకసారి. కజాన్‌లో.”

“అది నువ్వు విసనకర్రతో నా కంట్లో పొడిచినప్పుడు. తిరుగు.”

“అడుగు తప్పుతున్నావేం, గ్లేబ్? ఇందాక తాత వేషగాడి నస్యం డబ్బీలో ఉప్పు దోసకాయ పెట్టింది నువ్వేనా?”

“నేను కాదు.”

“మరి నీ వంతు వేళాకోళం ఏదీ?”

“ముందు ఈ ప్రేమలేఖ అందుకో. ఇలా మోకరిల్లి మోకాలు నొప్పెడుతోంది.”

“రోజూ తెల్లకాగితమేగా... ఇదేంటి, ఇవాళ ఏదో రాసుంది?”

“చదువు.”

“‘జీనా, రేపు వొలోగ్దాలో మీ అక్క దగ్గరికి రైలెక్కకు. ఆవిడకి తోడు పిల్లులున్నాయి, నాకెవరూ లేరు. నన్ను పెళ్ళి చేసుకో.’ కింద సంతకం కూడానా. బాగుంది వేళాకోళం.”

“ఆ... పచ్చ ఆట కదా మరి.”

“వేళాకోళమేనా?”

“నువ్వేమనుకుంటే అది.”

“నేననుకోవడమేంటి? ఇరవై ఏళ్ళ కొలువు ఇవాళ్టితో సరి. రేపీపాటికి రైల్లో ఉంటాను. ఇన్నేళ్ళూ బెల్లం కొట్టిన రాయిలా ఉండి, ఎవరూ ఏదీ నమ్మని రోజు చూసుకుని రాశావా?”

“నువ్వు కాదంటే... తమాషాకన్నానని తప్పించుకోవచ్చని.”

“పిరికివాడా.”

“జీనా, చించే చోటొస్తోంది. ఇవాళ్టికి చించకు.”

“చించకపోతే ఎలా? వాయిద్యాలు ఆగుతాయా? నాలుగు ముక్కలు చేసి నీ విగ్గు మీద చల్లాలి. రోజూ చేసేదేగా.”

“చించేశావు.”

“చించాను. నవ్వు, జనం చూస్తున్నారు.”

“నవ్వుతూనే ఉన్నా. మీ అక్కని అడిగానని చెప్పు.”

“ఆ ఏడుపేంటి? విగ్గు దులుపుకో. ఎన్ని ముక్కలు రాలాయో చూడు.”

“ఇప్పుడదెందుకు?”

“చూడమంటే చూడు.”

“ఒకటి... రెండు... మూడు. మూడే ఉన్నాయి.”

“నాలుగోది, ‘పెళ్ళి చేసుకో’ అన్న మాటా కింద నీ సంతకమూ ఉన్నది, నా చేతితొడుగులో ఉంది. రేపు తమాషాకన్నానని ఎలా అంటావో చూస్తా.”