ఏడో చొక్కా

కెప్టెన్ పోయి ఎనిమిది రోజులైంది. పొద్దుటి నుంచీ ఒకటే ముసురు. ఆయన వరండాలో నలుగురం కూర్చున్నాం. ఆయనతో పదకొండేళ్ళు లారీల కాటా దగ్గర పనిచేసిన నేను, వీధి చివరి ఎలక్ట్రీషియన్, కెప్టెన్ అల్లుడు, నాలుగో మనిషి ఫుల్‌టైమ్. మాట మొదలుపెడితే తొంభై నిమిషాలకు గాని ఆపడని అతనికా పేరు. ఒకప్పుడు అట్టపెట్టెల ఫ్యాక్టరీ జట్టులో కెప్టెన్ కింద ఫుట్‌బాల్ ఆడాడు. చావింట్లో కూడా అతని నోరు ఊరుకోదు.

"గొప్పకి చెప్పడం కాదు గానీ, ఆ ఏడాది మొదటి ఆటలో గోల్ గీత మీద ఒక బంతి ఆపాను. అంతే. కాలు అడ్డం పెట్టాను, ఆగింది. ఎవడైనా ఆపుతాడు. మాది నాలుగో డివిజన్, అంటే అట్టడుగు. పన్నెండు జట్లు. పైనున్న రెండూ మూడో డివిజన్‌కి ఎక్కుతాయి, ఆఖరి రెండూ లీగ్‌లోంచే పోతాయి. మా కింద ఇంకో డివిజన్ లేదు, రోడ్డే. షిఫ్టు దిగి, చేతులకి అంటిన జిగురైనా కడుక్కోకుండా ఆడేవాళ్ళం. జిగురంటే గుర్తొచ్చింది, రెండో ఆటలో బంతి వచ్చి నా ఛాతీకి అతుక్కుపోయింది."

"అతుక్కుపోయిందా?" అన్నాడు అల్లుడు.

"పోయింది బాబూ! చేత్తో పీకితే ఫౌల్. ఏం చెయ్యను? అలాగే పరిగెత్తి వాళ్ళ గోల్‌లోకి దూరిపోయాను, బంతితో సహా. ఒక గోల్ రాయాలా, రెండు రాయాలా అని రిఫరీ బుర్ర గోక్కున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐదో ఆటలో కార్నర్ నేనే కొట్టాను, బంతి గాల్లో ఉండగానే పరిగెత్తుకెళ్ళి తలతో నేనే పొడిచాను, దారిలో ఆగి మంచినీళ్ళు కూడా తాగాను."

"మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు" అని ఎలక్ట్రీషియన్ నా చెవిలో అన్నాడు, అందరికీ వినపడేలా. "అన్ని గోల్స్ కొడితే అడుగునెందుకున్నారు బాబాయ్?"

"మిగతా పదిమందీ ఉన్నారుగా!"

"ఆఖరి ఆటకి ముందు వారం మీ గోల్‌లో నువ్వే కొట్టుకున్నావట కదా? ఊరంతా నవ్విందట."

ఫుల్‌టైమ్ మోకాళ్ళు రాసుకున్నాడు. మళ్ళీ గొంతు పెంచాడు.

"నవ్వారు. తెలియనివాళ్ళు నవ్వుతారు. నేను కొట్టింది వాళ్ళ గోల్ వైపే. ఆ దెబ్బకి బంతి వాళ్ళ అడ్డ కమ్మీకి తగిలి, మైదానమంతా వెనక్కి వచ్చి, నా నెత్తి మీంచి పోయి మా గోల్‌లో పడింది. ఆ కమ్మీ ఇప్పటికీ మోగుతోంది. ముసురు పట్టినప్పుడు చెవి పెట్టి వినండి."

మేం నిజంగానే విన్నాం. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ మైదానంలో ఇప్పుడు లారీలు నిలుపుతున్నారు, కమ్మీలు ఎప్పుడో తుక్కుకి పోయాయి.

"ఇక ఆఖరి ఆట. అప్పటికి ఫ్యాక్టరీలో సగం మిషన్లు ఆపేశారు, జట్టులో ఏడుగురమే మిగిలాం. డ్రా చేసుకుంటే లీగ్‌లో ఉంటాం, ఓడితే రోడ్డు. వెళ్ళి చూద్దును కదా, మా వైపు నేనొక్కణ్ణే! అవతల పదకొండు మంది."

"ఏడుగురు లేకపోతే ఆట మొదలుపెట్టరుగా?" అన్నాను. ఆ సంగతి నాకు చెప్పింది కెప్టెనే.

"అదే కదా చెప్పేది! రిఫరీ నన్ను ఎగాదిగా చూసి, 'నువ్వే ఏడుగురి పెట్టు' అని ఈల వేశాడు. గోలీని నేనే, ఫార్వర్డ్‌ని నేనే. నాకు నేనే పాస్ ఇచ్చుకుని, సరిగ్గా ఇవ్వలేదని నన్ను నేనే తిట్టుకున్నాను. సగం ఆటకే అవతలివాళ్ళు పదకొండు మందీ చతికిలబడ్డారు. వాళ్ళ గోలీకి జ్వరం. అంతలో వాన. బంతి సంగతి దేవుడెరుగు, వాన చుక్కని కూడా మా గోల్‌లో పడనివ్వలేదు. ఆట అయ్యాక చూస్తే లోపల నేల పొడిగా ఉంది!"

అల్లుడు పకాలున నవ్వాడు. ఎనిమిది రోజుల్లో ఆ ఇంట్లో వినపడ్డ మొదటి నవ్వు అది. దాంతో ఫుల్‌టైమ్‌కి ఊపొచ్చింది.

"సున్నా, సున్నా. కానీ ఒక్కడి ఆట చెల్లదని లీగ్ వాళ్ళు జట్టు పేరు కొట్టేశారు. కెప్టెన్ అన్న మంచివాడే, కాదనను. కానీ రెండున్నర ఆటని అందరికీ నాలుగున్నర అని చెప్పాడు. ఆ టైమ్ ఒక్కటీ సరిగ్గా చెప్పి ఉంటేనా, ఈపాటికి మేం మొదటి డివిజన్లో ఉండేవాళ్ళం."

అల్లుడి నవ్వు ఆగిపోయింది. ఇంతసేపూ చెప్పినవి కోతలే, కానీ టైమ్ తప్పు చెప్పాడన్న ఈ ఒక్క ముక్కా అందరం నమ్మిందే. టైమ్ తప్పు చెప్పి జట్టుని ముంచినవాడని కెప్టెన్‌కి ఊళ్ళో పేరు. కాటా మీదికొచ్చిన ప్రతి డ్రైవరూ "టైమెంతైంది కెప్టెన్?" అని ఇకిలించేవాడు. ఆయన వాచీ చూసి నిజంగానే టైమ్ చెప్పేవాడు. నేనూ అడిగాను, ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"ఆ తర్వాత ఏమైందో నేను చెప్పనా?"

గుమ్మంలో కెప్టెన్ భార్య, టీ గ్లాసులున్న పళ్ళెంతో. అప్పట్లో జట్టు చొక్కాలన్నీ ఉతికి ఇస్త్రీ చేసింది ఆవిడే. పళ్ళెం కింద పెట్టి లోపలికి వెళ్ళింది. ప్లాస్టిక్ కవర్లో మడత పెట్టిన నీలం చొక్కాతో తిరిగొచ్చింది.

"ఆరుగురు వచ్చారు మరిదీ, ఆయనతో కలిపి. వానలో అరగంట నిలబడ్డారు. రిఫరీ వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. ఆరు చొక్కాలూ తడిసి వచ్చాయి, ఒక్కదానికీ బురద లేదు. వాటిని చూసి ఏడుపొచ్చింది నాకు."

"నాకు నాలుగున్నరని కదా వదినా..."

"పొద్దున్నే నువ్వే వచ్చి నీ చొక్కా తీసుకున్నావు. రెండున్నరకేగా ఆట అని నేనడిగితే, రెండింటికే అక్కడుంటానన్నావు. ఇదిగో, ఈ మెట్టు మీదే. సాయంత్రానికి అదే చొక్కా మా గేటుకి వేలాడుతోంది, ఈ కవర్లోనే, వేసిన మడత వేసినట్టే. నిన్ను అడుగుతానని నేను బయల్దేరితే ఆయన ఆపారు. 'వాడికి నేనే టైమ్ తప్పు చెప్పానని అందరికీ చెప్పేశాను, నువ్వూ అదే చెప్పు' అన్నారు. ఆయనున్నన్నాళ్ళూ అదే చెప్పాను."

చొక్కా తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

"వేసుకుని చెప్పు మిగతాది."

ఫుల్‌టైమ్ కవరు విప్పలేదు. పైనుంచే ఇస్త్రీ మడత వెంట వేలు జరిపాడు.

"ఎందుకు రాలేదు?" అన్నాడు అల్లుడు మెల్లగా.

అతను నోరు తెరిచాడు. ఇంకో కోత వస్తుందనుకున్నాం.

"మైదానం గోడ అవతలే ఉన్నాను" అన్నాడు. "అన్న గేటు వైపే చూస్తున్నాడు. ఆట లేదని రిఫరీ ఈల వేసేదాకా చూస్తూనే ఉన్నాడు. ముందు వారం అందరూ నవ్వారు కదా... మళ్ళీ నవ్వుతారని భయమేసింది."

ఎవరమూ నవ్వలేదు.