పాత చోటు ఖాళీ చేసేముందు

కంప్యూటరు నెమ్మదించిందని మా అమ్మాయి దాని డిస్కును సర్దే పని పెట్టి కూర్చుంది. తెల్లారితే ఉద్యోగానికి రాజీనామా ఇస్తానంటోంది. కొత్తచోట తీసుకుంటామన్న నోటిమాటే తప్ప కాగితం ఇంకా చేతికి రాలేదు.

“లోపల గరగరమంటోందే. కాలిపోతుందేమో, ఆపెయ్యనా?”

“కాలదమ్మా. ఫైళ్ళ ముక్కల్ని ఒకచోటికి చేరుస్తోంది.”

“ముక్కలెవరు చేశారు?”

“అదే చేసుకుంది. మనం అక్కడో ఫోటో, ఇక్కడో పాట తీసేస్తే మధ్యమధ్య ఖాళీలు మిగుల్తాయి. పెద్ద వీడియో ఏ ఒక్క ఖాళీలోనూ పట్టదు. అందుకని విడగొట్టి దొరికినచోటల్లా పెడుతుంది. సంచీడు పంచదారని నువ్వు ఖాళీ డబ్బాలన్నిట్లో పోసినట్టు.”

“ఏ డబ్బాలో పోశానో నాకు తెలుసు.”

“దానికీ తెలుసు. అన్నీ తిరిగి ఏరుకొచ్చేసరికే ఆలస్యం.”

“సర్దేటప్పుడు కరెంటు పోతే? నీ చిన్నప్పటి వీడియోలు గాల్లో కలిసినట్టేగా.”

“కలవవు. ముందు కొత్తచోట రాసుకుంటుంది. అక్కడ సరిగ్గా చేరాకే పాతచోటు ఖాళీ చేస్తుంది.”

“చేరేదాకా పాతది వదలదా?”

“వదలదు.”

“కరెంటు పోదని గట్టి నమ్మకం ఉన్నా?”

“ఉన్నా అంతే.”

“దానికంత బుద్ధి ఎవరు నేర్పారే?”

“దాన్ని రాసినవాళ్ళు.”

“వాళ్ళకీ అమ్మలు ఉండుంటారు.”

మా అమ్మాయి తెరమీంచి చూపు తిప్పి నావైపు చూసింది.

“సరేలే. కాగితం వచ్చాకే రాజీనామా ఇస్తాను. నువ్వు ముందు ఆ స్విచ్చి మీంచి చెయ్యి తియ్యి.”